గంజి చల్లారిందని చెప్పిన వేలు

నవంబరు 6, బుధవారం

ముందుగా నా అక్షరాలకు క్షమించాలి. ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు, ఈ పుస్తకాన్నే అనుకుంటాను. ఏడో తరగతి మానేశాక నేను పెన్ను పట్టుకున్నది గ్యాసు పుస్తకంలో సంతకానికీ, కిరాణా చీటీలకీ. ఒత్తులు ఎక్కడ పడాలో అక్కడ పడవు. గీత మీద రాద్దామంటే అక్షరాలు గట్టు దిగి చెరువులోకి జారుతున్నాయి.

దుర్గాశ్రీ మేడమ్ గారు ఈ రోజు రెండు పొడుగు నోటు పుస్తకాలు ఇచ్చారు. ఒకటి చేపల సంగతులు రాయడానికి. రెండోది ఎందుకండీ అని అడగాలనుకుని ఊరుకున్నాను. ఆవిడే, మీకు తోచింది రాసుకోండి బేబి గారూ అన్నారు. నన్ను గారు అన్నది పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఒక్కరే. ఆ మాటకి మా అత్తగారు బంగారమ్మ గారు లోపలినుంచి గట్టిగా దగ్గారు.

మేడమ్ గారు చేపల జబ్బుల మీద పెద్ద చదువు చదువుతున్నారు. పోయిన చలికాలం మా చెరువులో ఎర్ర మచ్చల తెగులు వచ్చి శీలావతి చేపలు సగానికి పైగా చచ్చి తేలిపోయాయి. మా ఆయన హరిబాబు గారు మూడు రోజులు అన్నం తినలేదు. ఇంకో పంట ఇలా పోతే కువైట్ వెళ్ళిపోతానన్నారు. అన్నట్టే పాస్‌పోర్టు తెచ్చుకుని ట్రంకు పెట్టెలో నా పెళ్ళి చీర కింద దాచారు. నేను ఆ చీర తీయడం మానేశాను.

అప్పుడు వచ్చారు మేడమ్ గారు. చేపలకీ టీకా ఉందట. కానీ ఒక్కో చేపనూ పట్టి సూది పొడవడం ఎవరివల్ల అవుతుంది? మేతలో కలిపి పెడితే పేగు మొదట్లోనే అరిగిపోతుందట. శీలావతికి మనలా కడుపు సంచి ఉండదట, అంతా పేగే. ఇన్నేళ్ళు చేపలు కోశాను, ఆ సంగతి గమనించలేదు. పేగు చివరిదాకా చేరితేనే టీకా పట్టేది. అందుకని మందుని కొవ్వు పొరలో చుట్టారు. కంటికి కనపడనంత చిన్న బుడగలు. పొర అరగకుండా మందుని చివరిదాకా మోసుకెళ్ళి అక్కడ వదులుతుంది. సీసాలో పలచటి పాలలా ఉంది.

అర్థమైందా అని అడిగారు. తల ఊపాను. నిజంగానే అర్థమైంది. మాది ఆత్రేయపురం. పొరలో చుట్టడం అంటే నాకు ఇంకొకరు చెప్పాలా? పన్నెండో ఏట నుంచి పెళ్ళి దాకా బోర్లించిన కుండ మీద పూతరేకులు తీశాను. రోజుకి రెండు వందల రేకులు. ఆ మాట పైకి అని ఉంటే మేడమ్ గారు మెచ్చుకునేవారు. అనలేదు.

ఈ పరీక్ష బాగా వస్తే వచ్చే పంటకి చెరువు మొత్తానికీ వాళ్ళే మందు ఇస్తారట. అలా అయితే ఆగుతానని మా ఆయన అన్నారు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

సాయంత్రం స్నానానికి నీళ్ళు తోడితే మళ్ళీ గొడవ. కాలిపోతున్నాయట. నేను చెయ్యి పెట్టి చూసే ఇచ్చాను. మగవాళ్ళు అంత సుకుమారం అయితే ఎలా.

నవంబరు 8, శుక్రవారం

మొదలైంది. చెరువులో ఆరు హాపాలు కట్టారు. హాపా అంటే నాలుగు కర్రలకు కట్టిన వల పెట్టె, నీళ్ళలోనే ఉంటుంది. ఒక్కోదాంట్లో ముప్పై శీలావతులు. మూడింటికి నీలం గుడ్డ, అవి మందు మేత తినేవి. మూడింటికి తెల్ల గుడ్డ, అవి ఉత్త మేత తినేవి. ఈ పది రోజులూ మందు పట్టించడం నా పని. తరువాత చలిలో తెగులు వస్తే ఏ గుడ్డవి బతుకుతాయో చూడాలి.

మేడమ్ గారు చేసి చూపించారు. జిగురు పొడిని చల్లటి నీళ్ళలో కలపాలి. అందులో మందు కలపాలి. మేత గుళికల మీద పోసి చేత్తో పట్టించాలి. నీడలో ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఏ హాపా మేత ఆ గిన్నెలోనే కలపాలి. ఎక్కడా వేడి తగలకూడదు, తగిలితే కొవ్వు పొర విడిపోయి మందు అక్కడే కారిపోతుంది. రెండోసారి నేను చేశాను. ఒక్క గుళిక కూడా ముద్ద కట్టలేదు. ఇంత సమంగా మా కాలేజీలో కూడా ఎవరూ పట్టించలేదండీ అన్నారు మేడమ్ గారు.

మా ఆయన గట్టు మీద నిలబడి, "మా ఆవిడ చేతిలో కొలత తప్పదండి, ఆయ్," అన్నారు. నేను వెంటనే కొబ్బరి చెట్టు చాటుకి వెళ్ళిపోయాను.

రోజూ నింపడానికి ఒక కాగితం ఇచ్చారు. పైన వాళ్ళ పెద్ద సారు పేరు, సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. పేరు గడిలో పట్టక మలుపు తిరిగి కిందికి దిగింది. జిగురు పొడి కలిపారా, నీడలో ఆరబెట్టారా, అన్నీ తిన్నాయా. టిక్కులు పెట్టాలి.

మేడమ్ గారు కాలేజీకి వెళ్ళిపోయారు. పదకొండో రోజున వస్తారు.

నవంబరు 10, ఆదివారం

రాత్రంతా వాన. వంటింటి రేకు కారి అటక మీద పెట్టిన జిగురు పొడి మొత్తం తడిసింది. పొద్దున చూస్తే సున్నం ముద్దలా ఉంది. మందు సీసా ఫ్రిజ్‌లో భద్రంగానే ఉంది. అంచున పొడిగా మిగిలినది గీకి ఈ రోజుకి సరిపెట్టాను.

మా ఆయన ఓడలరేవులో వాళ్ళ బావగారి చెరువులో చేపల పట్టుబడికి వెళ్ళారు. వారం దాకా రారు.

మేడమ్ గారికి ఫోన్ చేశాను. మోగింది. ఆవిడ ఎత్తేలోపు కట్ చేశాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడే తిరిగి చేశారు. నేను ఫోన్ అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ, "అంతా బానే ఉందండి, చేపలు గంతులేస్తన్నాయి, మీరు భోంచేసేరా?" అని పెట్టేశారు.

నవంబరు 11, సోమవారం

జిగురుకేం తక్కువ అన్నారు అత్తగారు. మా మావగారు ఉన్న రోజుల్లో చేపల మందులన్నీ గంజితోనే పట్టించేవారట. ఈ చుట్టుపక్కల ఎవరిని అడిగినా అదే చెబుతారట. "పొడి మాత్రం ఏంటే అమ్మాయ్, ఎండబెట్టిన గంజే. పొట్లంలో పోసి ఇంగ్లీషు పేరు పెట్టేరు."

అది నిజం కావచ్చు అనిపించింది.

గంజి వార్చి దించాక చల్లారేదాకా ఆగుదామన్నాను. మరీ చల్లారితే తొరక కట్టి ముద్దలవుతుంది, పట్టదు అన్నారు. గంజి సంగతి నాకూ తెలుసు. అందుకని ఆగుతూ వేలు పెట్టి చూశాను. ఇంకాసేపు ఆగి మళ్ళీ చూశాను. చల్లారింది. అప్పుడే మొదలుపెట్టాను.

ముందు నీలం ఒకటి గిన్నె. కలిపి, పట్టించి, ఆరబోసేసరికి పావుగంట. తరువాత నీలం రెండు. తరువాత నీలం మూడు. ఆఖరున తెల్లవి, మందు లేకుండా ఉత్త గంజితో. చాలా బాగా పట్టింది. చేపలు పోటీపడి తిన్నాయి.

కాగితంలో, జిగురు పొడి కలిపారా అన్నచోట పెన్ను ఆగింది. గంజి అని రాయడానికి చోటు లేదు. టిక్కు పెట్టాను.

నవంబరు 12, మంగళవారం

గంజి. వేలు పెట్టి చూశాను. చల్లారింది. ఒకటి, రెండు, మూడు. టిక్కు.

నవంబరు 13, బుధవారం

గంజి. వేలు పెట్టి చూశాను, చల్లారింది. ఒకటి, రెండు, మూడు. అన్నీ తిన్నాయి.

నవంబరు 15, శుక్రవారం

నిన్న రాయలేదు కానీ నిన్నా అదే, ఈ రోజూ అదే. వరస మార్చలేదు. అలవాటైన పని వరస మారిస్తే చెయ్యి తడబడుతుంది.

గిన్నె పట్టుకోవడానికి వచ్చిన అత్తగారు అబ్బా అని వదిలేసి చెంగుతో పట్టుకున్నారు. ఆవిడకి అరచేతుల్లో పగుళ్ళున్నాయి, ఏది తగిలినా మంటే.

నవంబరు 17, ఆదివారం

పది రోజులూ అయ్యాయి. ఒక్క పూట తప్పలేదు, ఒక్క గుళిక వృథా పోలేదు. ఇది నేను చేసిన పని. నా జీవితంలో పెళ్ళి తరువాత ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తు లేదు.

నవంబరు 18, సోమవారం

మేడమ్ గారు వచ్చారు. కాగితం చూసి పది వరుసల టిక్కులూ వేలితో తడిమారు. జిగురు పొడి ఇంకా ఏమైనా మిగిలిందా అని అడిగారు.

"అయిపోయిందండి," అన్నాను.

అది అబద్ధం కాదు. నిజంగానే అయిపోయింది.

నవంబరు 29, శుక్రవారం

గంజి గురించి ఇక రాయను. గంజి అంటే అన్నమే కదా.

డిసెంబరు 8, ఆదివారం

చలి మొదలైంది. నీలం గుడ్డల చేపలు నా గాజుల చప్పుడుకే పైకి వస్తున్నాయి. మా ఆయన కూడా హుషారుగా ఉన్నారు. గట్టు మీద కూర్చుని, ఈసారి మనం గెలుస్తామే అన్నారు. మనం అన్నారు. కువైట్ పంపే ఏజెంటు ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేశారు.

నాకు అనుమానం లేదు. ఆ పొర నేను చేత్తో పట్టించాను. పొరల సంగతి నాకు తెలుసు.

డిసెంబరు 13, శుక్రవారం

తెల్ల ఒకటిలో రెండు చేపలకి తోక దగ్గర ఎర్ర మచ్చ.

డిసెంబరు 14, శనివారం

తెల్ల రెండులోనూ. చెరువులోనూ అక్కడక్కడ. మేడమ్ గారికి మా ఆయన నిన్ననే ఫోన్ చేశారు. ఆవిడ రాత్రి బస్సుకే బయల్దేరి వచ్చి ముమ్మిడివరంలో గది తీసుకున్నారు. భయపడకండి, ఇప్పుడే అసలు పరీక్ష అన్నారు.

నీలం వాటికి ఏమీ లేదు. నేను చెప్పలేదూ.

డిసెంబరు 16, సోమవారం

నీలం ఒకటిలో మూడు తేలాయి.

డిసెంబరు 20, శుక్రవారం

ఈ రోజు లెక్క చూశారు. నేను పలక పట్టుకుని నిలబడ్డాను, మేడమ్ గారు ఒక్కో హాపా ఎత్తి చెబుతుంటే రాశాను. ముప్పైకి ఎన్ని చచ్చాయో ఇది.

తెల్ల ఒకటి పదిహేడు, తెల్ల రెండు పంతొమ్మిది, తెల్ల మూడు పద్దెనిమిది.

నీలం ఒకటి పదహారు. నీలం రెండు తొమ్మిది. నీలం మూడు రెండు.

మేడమ్ గారు పలక తీసుకుని గట్టు మీద కూలబడ్డారు. చీర కుచ్చిళ్ళు బురదలో ఉన్నాయి, చూసుకోలేదు. నీలం మూడు చూసి సంతోషించాలని ఉంది, సంతోషించలేకపోతున్నారు.

"ఒకటే మందు, ఒకటే మేత, ఒకటే చెరువు," అన్నారు. "మూడూ మూడు రకాలుగా వస్తే ఎవరు నమ్ముతారు బేబి గారూ? నేనే నమ్మను."

రెండేళ్ళ చదువు ఇది. ఇంతకు ముందు ఇంకో ఊళ్ళో చెరువులోనూ ఏదో తేడా వచ్చిందట. ఈసారి కూడా నిలకడగా రాకపోతే ఈ మందు సంగతి ఇంతటితో ఆపేద్దామని పెద్ద సారు ముందే చెప్పారట. సోమవారం ఉదయం వచ్చి వలలు విప్పుకుని, మందు పనిచేయలేదని రాసి పంపేస్తానన్నారు.

మా ఆయన గట్టు దిగిపోయారు. ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె తీశారు. చీర పక్కన పెట్టి పాస్‌పోర్టు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ముప్పయ్యో తారీఖున వైద్య పరీక్షలకి రమ్మని ఏజెంటు చెప్పాడట.

గంజి వల్ల అయితే మూడూ ఒకేలా పోవాలి కదా. మూడింటికీ ఒకటే గంజి. గంజి వల్ల కాదు.

డిసెంబరు 21, శనివారం

మూడింటికీ ఒకటే గంజి. ఒకటే కుండలోది.

డిసెంబరు 22, ఆదివారం

పొద్దున బాగా చలిగా ఉంది. ఆయనకి నీళ్ళు తోడి, చెయ్యి పెట్టి చూసి, గోరువెచ్చగా ఉన్నాయి రండి అన్నాను. మొదటి చెంబు పోసుకున్నారు. చెంబు ఎగిరి గోడకి తగిలింది. భుజం మీద అరచేయంత ఎర్రగా కమిలిపోయింది.

నేను వెన్న రాస్తుంటే నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి చూశారు. కోపంగా కాదు. "ఇదేంటే, నీ వేళ్ళకి చురుకు తెలీదా? ఇవి వేళ్ళా, అట్లకాడా?"

నవ్వేశారు. నేను నవ్వలేదు.

ఎనిమిదేళ్ళు కాలే కుండ మీద నుంచి రేకు తీశాను. వేళ్ళతోనే తీస్తాం. మొదటి ఏడాది బొబ్బలు, రెండో ఏడాది కాయలు, తరువాత ఏమీ తెలియదు. మా ఊళ్ళో రేకులు తీసే ఆడవాళ్ళు అందరూ పొయ్యి మీది గిన్నె ఉత్త చేతులతో దించుతారు. అది గొప్ప అనుకునేవాళ్ళం.

ఈ వేలే గంజి చల్లారిందని చెప్పింది.

వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను. అప్పుడు ఈ పుస్తకం తీసి పాత పేజీలు చదివాను. ఒకటి, రెండు, మూడు. రోజూ అదే వరస. ఒకటో గిన్నెకి గంజి వేడి మీద ఉంది. పావుగంటకి రెండో గిన్నె. ఇంకో పావుగంటకి మూడో గిన్నె, అప్పటికి నిజంగా చల్లారింది. నీలం ఒకటి పదహారు. నీలం రెండు తొమ్మిది. నీలం మూడు రెండు.

మందు చెడ్డది కాదు. పొర పగిలింది. నేనే పగలగొట్టాను.

నాకు ఏడుపు రావలసింది. ముందు వచ్చింది సంతోషం. ఆ సంతోషానికి సిగ్గేసి అప్పుడు ఏడ్చాను.

అత్తగారికి చెప్పాను. ఆవిడ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడారు. చెబితే తప్పు మన మీద పడుతుందట. చదువుకున్నవాళ్ళ పని పాడుచేశారని ఊళ్ళో అంటారట. హరిబాబు మనతోపాటు పదిమందిలో తల దించుకోవాలట. గంజి సలహా తనదేనన్న మాట మాత్రం ఎక్కడా రాలేదు. చివర్లో, "రెండ్రోజులు నోరు మూసుకుంటే ఆవిడ దారిన ఆవిడ పోద్ది," అన్నారు.

అవును, ఆవిడ దారిన ఆవిడ పోతుంది. మా ఆయన కువైట్ దారిన పోతారు. పనిచేసే మందు పనిచేయదని కాగితంలో ఉండిపోతుంది. నేను నోరు మూసుకుని ఇక్కడ ఉంటాను. నోరు మూసుకోవడం నాకు కష్టం కాదు, అదొక్కటే నాకు బాగా వచ్చు. అందుకే భయం వేసింది.

నోటితో చెప్పలేను. రాస్తాను.

డిసెంబరు 23, సోమవారం

నిన్న మేడమ్ గారికి రాసిన ఉత్తరం ఇది. చూసి ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"మేడమ్ గారికి బేబి నమస్కరించి రాయునది. నా అక్షరాలు బాగుండవు, తప్పులు ఉంటాయి, క్షమించండి. మీ జిగురు పొడి వానకి తడిసిపోయింది. నవంబరు 11 నుంచి 17 దాకా ఏడు రోజులు నేను గంజితో పట్టించాను. కాగితంలో జిగురు పొడి అని పెట్టిన ఆ ఏడు టిక్కులూ అబద్ధం. గంజి చల్లారిందని వేలు పెట్టి చూశాను కానీ నా వేళ్ళు రేకులు తీసి మొద్దుబారాయి, వాటికి వేడి తెలియదు. ఆ సంగతి నాకు ఈ రోజే తెలిసింది. రోజూ నీలం ఒకటికి ముందు కలిపాను, తరువాత రెండు, తరువాత మూడు. మూడో దానికి వచ్చేసరికి గంజి చల్లారేది. అందుకే మూడు బతికింది. మీ మందు మంచిది. నేను పూతరేకులు చేసిన మనిషిని, పొర పగిలితే లోపలిది ఏమవుతుందో నాకు తెలుసు. మందు పనిచేయలేదని రాయకండి. మా ఆయనకి ఇది తెలియదు, ఆయన్ని ఏమీ అనకండి. చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి. ఇట్లు, బేబి."

పొద్దున మేడమ్ గారు వలలు విప్పడానికి వచ్చారు. మా ఆయన కర్ర పీకడానికి నీళ్ళలోకి దిగుతున్నారు. నేను గట్టు మీదికి వెళ్ళి ఆవిడ చేతిలో కాగితం పెట్టి పక్కకి తిరిగి నిలబడ్డాను. 

ఆవిడ ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. కర్ర పీకకండి హరిబాబు గారూ అన్నారు. తరువాత నా వైపు తిరిగి, "ఆ గంజి ఇప్పుడు కాయగలరా? అప్పుడు ఎలా చేశారో అలాగే," అన్నారు. గొంతులో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు.

ఇంట్లో ఎసరు పెట్టాం. అత్తగారే గంజి వార్చారు. మేడమ్ గారు సంచిలోంచి ఒక వేడి కొలిచే కడ్డీ తీసి, ఇప్పుడు మీ వేలు ఎప్పుడు సరే అంటే అప్పుడు చెప్పండి అన్నారు. అందరూ చూస్తున్నారు. నేను వేలు పెట్టాను. ఆగాను. మళ్ళీ పెట్టాను.

"చల్లారిందండి," అన్నాను.

కడ్డీ డెబ్భై ఒకటి చూపించింది.

మేడమ్ గారు తన వేలు అంటించి వెంటనే నోట్లో పెట్టుకున్నారు. పావుగంటకి మళ్ళీ కొలిస్తే యాభై నాలుగు. ఇంకో పావుగంటకి ముప్పై తొమ్మిది. ఆ మూడు అంకెలూ, చచ్చిన చేపల మూడు అంకెలూ పక్కపక్కన రాసుకున్నారు.

మా ఆయనకి అప్పటికి సంగతి అర్థమైంది. నా వైపు చూడరేమో అనుకున్నాను. ఆయన చొక్కా పక్కకి జరిపి భుజం మీద కమిలిన చోటు చూపించి, "నేను ఏడాది బట్టి మొత్తుకుంటానే ఉన్నానండి మేడమ్ గారూ. స్నానం చెయ్యమని పిలిచి ఉడకేసేస్తది," అన్నారు.

ముందు అత్తగారు నవ్వారు. తరువాత మేడమ్ గారు. ఆవిడ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు.

కానీ పని దగ్గర ఆవిడ మెత్తగా లేరు. టిక్కుల సంగతి వదల్లేదు. "పొడి తడిసింది తప్పు కాదు. గంజి కూడా తప్పు కాదు. నాకు తెలియకుండా చేయడం తప్పు," అన్నారు. ఆయ్ అన్నాను. ఇంకా ఏదో అనాలనిపించింది. తల ఎత్తి, "ఫోన్ చేశానండి. మీరు ఎత్తేలోపు పెట్టేశాను," అన్నాను. ఆవిడతో నేను మాట్లాడిన అతి పొడుగు మాట అదే.

ఇప్పుడు ఇది రుజువు కిందికి రాదట. ఒక్క నీలం మూడు చూసి మందు గెలిచిందని రాయలేరట. అలాగని ఓడిందనీ రాయలేరు. మళ్ళీ చేయాలి. పెద్ద సారు ఒప్పుకోవాలి.

వెళ్ళేముందు ఉత్తరం మడత పెట్టి ఫైలులో పెట్టుకున్నారు. కాల్చమన్నానండి అన్నాను. "ఇది కాలిస్తే నా దగ్గర మిగిలేది ఆ ఏడు టిక్కులేనండీ," అన్నారు.

డిసెంబరు 28, శనివారం

మేడమ్ గారు ఫోన్ చేశారు. నేనే ఎత్తాను.

పెద్ద సారు ఉత్తరం రెండుసార్లు చదివారట. ఆ పాత ఊళ్ళో తేడా వచ్చినచోట కూడా వేడి ఎవరూ కొలవలేదని ఇప్పుడు గుర్తుకొచ్చిందట. రైతుల ఇళ్ళలో గంజి వాడతారని తెలిస్తే మందు పొరని ఇంకాస్త వేడికి తట్టుకునేలా చేయాలేమో అని కూడా అన్నారట. ఇంకోసారి ఇదే చెరువులో చేయమన్నారు. ఈసారి మేతకి మందు ఎవరు పట్టిస్తారు అని అడిగారట.

మీరేమన్నారండీ అని అడిగాను.

"వేడి ఒక్కటి తప్ప అన్నీ తెలిసిన మనిషి ఉందని చెప్పాను," అన్నారు.

ఒక్క సాయం అడిగారు. టిక్కుల కాగితం పనికిరాదు కాబట్టి, ఆ రోజుల్లో నేను ఎక్కడైనా నిజం రాసుకుని ఉంటే కావాలట. ఈ పుస్తకం ఇచ్చింది ఆవిడే కదా.  ఉందండి అన్నాను.

జనవరి 3, శుక్రవారం

మేడమ్ గారు వచ్చి నవంబరు 10 నుంచి 17 దాకా పేజీలు ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. మిగతా పేజీల మీద నేను రెండు చేతులూ వేసి పట్టుకున్నాను. ఆవిడ అటు చూడలేదు. మర్యాద తెలిసిన మనిషి.

కొత్త పొడి మూడు పొట్లాలు తెచ్చారు. అటక మీద కాదు, గాజు సీసాలో పోసి బియ్యం డబ్బాలో పెట్టాను. కొత్త కాగితంలో ఒక గడి ఎక్కువ ఉంది. వేడి ఎంత అని. కింద చిన్న అక్షరాలతో, కడ్డీతో కొలిచినది మాత్రమే అని ఉంది. ఆ చిన్న అక్షరాలు ఎవరికోసమో నాకు తెలుసు. ఇంకో గడి నేను అడిగి పెట్టించుకున్నాను. కాగితంలో లేనిది ఏమైనా జరిగితే రాయడానికి ఖాళీ చోటు.

ముప్పయ్యో తారీఖు వచ్చి వెళ్ళింది. మా ఆయన వైద్య పరీక్షలకి అమలాపురం వెళ్ళలేదు. ఏజెంటుకి ఫోన్ చేసి ఈ ఒక్క పంట ఆగమన్నారు. వద్దనలేదు, ఆగమన్నారు. పాస్‌పోర్టు చొక్కా జేబులోంచి మళ్ళీ ట్రంకు పెట్టెలోకి వెళ్ళింది. ఈ రోజు నేను ఆ చీర తీసి ఎండలో వేశాను.

స్నానానికి చన్నీళ్ళు ఆయనే కలుపుకుంటున్నారు.

ఎల్లుండి మొదటి మేత. ఈసారి గెలుస్తాం. నా వేలు చెబుతున్న మాట కాదిది, నీలం మూడులో ఇరవై ఎనిమిది శీలావతులు చెబుతున్నాయి.

ఈ పుస్తకం ఎప్పుడైనా ఎవరి చేతికైనా దొరికితే ఒక్కటే మనవి. ఆ ఎనిమిది రోజులూ మేడమ్ గారి దగ్గర ఉన్నాయి, అవి చాలు. మిగతాది చదవకుండా పొయ్యిలో పెట్టేయండి. ఆ పొయ్యి వేడి మాత్రం ఎవరూ కొలవనక్కర్లేదు.